బెజవాడ చలికి ఓ మెరూన్ స్వెట్టరు

బెజవాడలో చలికాలం వచ్చిన కబురు కొబ్బరినూనె సీసా చెబుతుంది. 24 డిగ్రీల కిందికి దిగితే ఆ నూనె పేరుకుంటుంది. మిగతా కాలమంతా చెంపల మీదికి కారిపోయే నూనె, కార్తీకం వెళ్ళే రోజుల్లో ఓ పొద్దున్న సీసా బోర్లించినా కదలదు. అమ్మ ఆ సీసా పట్టుకెళ్ళి పెరటి గోడ మీద ఎండ తగిలేచోట పెట్టి, పనిలో పనిగా ట్రంకుపెట్టె తెరిచేది. పెట్టె అడుగున, కలరా ఉండల వాసనతో, మెరూన్ రంగు స్వెట్టరు.

ఉత్తరాదివాళ్ళు ఇది వింటే నవ్వుతారు. మాకు డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున 18, 19 డిగ్రీలుంటే అదే మహా చలి. తొమ్మిది కొట్టేసరికి ఎండ చుర్రుమంటుంది. వేసవిలో 45 దాకా కాగే ఊరికి స్వెట్టరు అవసరమా అంటే, ఏమీ లేదు. మా ఇంట్లో ఆడవాళ్ళకి చలి ఒక నెపం, అంతే. ఏడాది పొడుగునా "ఈ వయసులో నీకెందుకీ వేషాలు" అనో, "పెళ్ళికావాల్సిన పిల్లవి, నలుగురూ ఏమనుకుంటారు" అనో ఆపేసిన సరదాలన్నీ ఆ నెలన్నరలో చలి పేరు చెప్పి తీర్చుకున్నారు. రంగు నచ్చిందంటే ఇంట్లో సవాలక్ష ప్రశ్నలు. చలేస్తోందంటే మారుమాట లేదు.

మాది సత్యనారాయణపురం. తాతయ్య రైల్వేలో చేసేవారు. ఇంటి ముందు వాటాలో అమ్మమ్మ, తాతయ్య, మావయ్య, పిన్ని. వెనక వాటాలో మేము. వీధి చివర పట్టాలు, వాటి మీద గుడివాడ వైపు వెళ్ళే బళ్ళు. ఆ పట్టాలు తీసేసి ఇప్పుడు బీఆర్టీఎస్ రోడ్డు వేశారు. ఆ రోడ్డు మీద నడుస్తూ "ఇక్కడే కదూ గేటు పడేది" అంటే మా పిల్లలు నన్ను వింతగా చూస్తారు.

అమ్మమ్మకి ఊలంటే తెలిసింది ధావళి ఒక్కటే, మడికి కట్టుకునే ఊలుబట్ట. మడి కట్టే ఇళ్ళల్లో పెరిగినవాళ్ళకి వివరించక్కర్లేదు. నూలు చీర మడికి పనికిరావాలంటే తడిపి, పిండి, ఎవరూ తగలకుండా పైనున్న దండెం మీద కర్రతో ఆరేసి, మళ్ళీ కర్రతోనే దింపుకోవాలి. పట్టుకీ ఊలుకీ అంత పట్టింపు లేదు. అందుకని ముసుర్లు పట్టి బట్టలారని రోజుల్లోనూ, తడిబట్ట ఒంటికి చుట్టుకోలేని చలి పొద్దుల్లోనూ ధావళి దిగేది. ముట్టుకుంటే గరగరలాడుతుంది. అది కట్టుకుని పొయ్యి ముందు కూచుంటే అమ్మమ్మ మొహంలో ఒక నిశ్చింత. "వెచ్చగా ఉందా అమ్మమ్మా?" అని అడిగితే ఒప్పుకునేది కాదు. "వెచ్చదనానికి కట్టానుటే? మడికి కట్టాను" అనేది. మరి శివరాత్రి వెళ్ళి ఎండలు ముదిరాక ఆ ధావళి బయటికి రాగా నేనెప్పుడూ చూడలేదు.

మిగతా వేళల్లో ఆవిడ చలిబట్ట కొంగే. తొమ్మిది గజాల చీర కాబట్టి బట్టకి లోటు లేదు. కొంగు వెనకనుంచి తిప్పి, రెండు భుజాలూ కప్పి, కొస ఎడంచేతి కింద బిగిస్తే చేతులు కూడా లోపలికి వెళ్ళిపోయేవి. చలికాలానికి మంగళగిరి చీరలే కావాలి ఆవిడకి. మంగళగిరి మాకు పన్నెండు కిలోమీటర్లు. గుంట మగ్గం మీద దగ్గరగా నేసిన నేత, ఒంట్లో బుటా అన్నది ఉండదు, అంచుకి మాత్రం చిన్న చిన్న గోపురాలు తీర్చిన నిజాం బోర్డరు. గంజి దట్టంగా పెట్టి కడితే గాలి చొరబడదు. "మీ ఫుల్ వాయిల్ చీరలు దోమతెరకి తక్కువ" అని అమ్మని దెప్పేది. ఆ మాట నిజమే. వాయిల్ మా వేసవికి పుట్టిన బట్ట, మార్గశిరంలో దాన్ని నమ్ముకున్నవాళ్ళకి జలుబు ఖాయం.

ఆ మంగళగిరి చీరలే పాతబడ్డాక బొంతలయ్యేవి. నాలుగైదు చీరలు ఒకదాని మీదొకటి పరిచి, నాలుగంచులూ కుట్టి, తర్వాత అడ్డంగా నిలువుగా పోగులు వేసుకుంటూ పోవాలి. మధ్యాహ్నం భోజనాలయ్యాక అమ్మమ్మ ఒకవైపు, అమ్మ ఒకవైపు కూచుని మధ్యలో కలుసుకునేవారు. పొరకీ పొరకీ మధ్య నిలిచిపోయిన గాలే వెచ్చదనం ఇస్తుందని తర్వాత సైన్సు పుస్తకంలో చదివాను. అమ్మమ్మకి ఆ సంగతి చేతివేళ్ళకి తెలుసు. అందుకే కుట్లు మరీ దగ్గరగా పడితే విప్పించేది, "బిగిసిపోతే చలాగదు" అని. పాలిస్టరు చీరలొచ్చాక బొంతల ఆట కట్టింది. అవి చిరగవు, చిరిగినా బొంతలో జారిపోతాయి.

ధనుర్మాసంలో నాలుగున్నరకే లేపేవారు. కళ్ళాపి చల్లి, ముగ్గు పెట్టి, గొబ్బెమ్మలు చేయాలి. పేడనీళ్ళ బకెట్లో చెయ్యి పెడితే మోచేతిదాకా జివ్వుమనేది. అమ్మమ్మ వరసగా నిలబెట్టి అందరి చెవుల్లోనూ దూది కుక్కేది. పిన్ని అప్పుడు కాలేజీలో చదువుతోంది. వాణిశ్రీ కొప్పు వేసుకుని ఓసారి, పొట్టిచేతుల జాకెట్టుకి పెద్ద పఫ్ పెట్టించి ఓసారి చివాట్లు తిన్న మనిషి. ఒకరోజు తెల్లారకుండా మావయ్య ఫుల్‌హ్యాండ్స్ చొక్కా ఓణీ మీద తొడిగేసుకుని, చేతులు రెండు మడతలు పెట్టి, కాలరు పైకి లేపి ముగ్గు దగ్గర కూచుంది. నీలం గళ్ళ చొక్కా. కింద పచ్చ లంగా. తాతయ్య పాల కోసం బయటికొచ్చి చూసి ఆగిపోయారు.

"ఏమిటే ఆ మగరాయుడి వేషం?"

"చలేస్తోంది నాన్నా."

ఆయన ఏదో అనబోయి ఊరుకుని గిన్నె పట్టుకుని వెళ్ళిపోయారు. మర్నాడు చొక్కా మారింది. తెల్లది, పైగా జేబులో పెన్ను. వారం తిరక్కుండా ఎదురింటి అమ్మాయి వాళ్ళన్నయ్య చొక్కాలో దిగింది. ఆ పక్కింటావిడ, ఇద్దరు పిల్లల తల్లి, వాళ్ళాయన రైల్వే ఖాకీ కోటు చీర మీద వేసుకుని మరీ వచ్చింది. సంక్రాంతి వెళ్ళేదాకా మా వీధిలో మగాళ్ళ చొక్కాలే ముగ్గులు పెట్టాయి. పగలు పదింటికి ఆ వేషంలో బయటికొస్తే కాళ్ళు విరగ్గొట్టేవాళ్ళు. తెల్లవారుజామున ఎవరూ ఏమీ అనలేదు.

ఇంక మెరూన్ స్వెట్టరు. దివిసీమ ఉప్పెనకి రెండేళ్ళ ముందు, తాతయ్య పాసు మీద డిసెంబరులో ఢిల్లీ ప్రయాణం పెట్టారు. పెళ్ళైన కూతురికి పాసు వర్తించదు కాబట్టి అమ్మకీ నాకూ టికెట్లు కొన్నారు. నాన్న ఆఫీసు వదిలి రానన్నారు. జీటీ ఎక్స్‌ప్రెస్. వరంగల్ దాటేదాకా కిటికీ సీటు నాదంటే నాదని పిన్నీ నేనూ కొట్టుకున్నాం. రాత్రి నాగపూర్ దాటాక ఆ సీటు ఎవరికీ అక్కర్లేకపోయింది. చెక్క షట్టరు దించినా సందుల్లోంచి గాలి. ఇటార్సీ వచ్చేసరికి అమ్మమ్మ చీర మీద చీర చుట్టుకుంది. అమ్మా నేనూ ఒకే సోలాపూర్ దుప్పట్లో. టీ అబ్బాయి అందించిన మట్టి ముంతని అమ్మ తాగకుండా చాలాసేపు చెంపకి ఆనించుకుని కూచుంది.

ఢిల్లీలో తాతయ్య ఎర్రకోట చూపించారు, కుతుబ్‌మీనార్ చూపించారు. అమ్మ వాటిని చూసినట్టే చూసి ఆడవాళ్ళని చూసింది. మణికట్టు దాకా చేతులున్న జాకెట్లు. బొటనవేలు విడిగా ఉన్న మేజోళ్ళు, వాటి మీద చెప్పులు. ఒక భుజం మీద మడతపెట్టి వేసుకున్న శాలువా, అది జారకుండా లోపల ఎక్కడో పిన్ను. పచ్చికలో ఎండకి వీపు పెట్టి కూచుని, మాటలాపకుండా, చేతుల వంక చూడకుండా స్వెట్టర్లు అల్లుకుపోతున్న ఇల్లాళ్ళు. పిన్ని అయితే ఒకావిడ దగ్గరికెళ్ళి, వచ్చీరాని హిందీలో, చీర కింద ఏం వేసుకుంటారని అడిగేసింది. ఆవిడ నవ్వి, కుచ్చిళ్ళు కాస్త పైకెత్తి, లోపలి ఊలు పైజామా చూపించింది. అమ్మమ్మ "శివశివా" అని అటు తిరిగింది. కాసేపటికి, "అవి ఎక్కడ దొరుకుతాయో కనుక్కున్నావా?" అని మెల్లిగా అడిగింది.

జన్‌పథ్ పేవ్‌మెంటు పక్కన టిబెటన్ల కొట్లలో కొంది అమ్మ తన స్వెట్టరు. ముందు గుండీలు, రెండు జేబులు, చేతుల చివర మడత. ముదురు మెరూన్.

"మనూళ్ళో ఎక్కడేసుకుంటావే ఇది?" అన్నారు తాతయ్య.

"ఇక్కడ చలిగా ఉంది కదా నాన్నా."

"ఎల్లుండి బండెక్కుతున్నాంగా."

అమ్మ సమాధానం చెప్పలేదు. డబ్బులిచ్చేసింది. అవి తన జీతం డబ్బులు, స్కూల్లో టీచరు తను. తాతయ్యకి ఆ సంగతి గుర్తొచ్చిందేమో, తర్వాత ఎత్తలేదు.

తిరిగొచ్చాక అసలు తంటా మొదలైంది. చీర మీద స్వెట్టరు వేసుకున్నవాళ్ళకి తెలుస్తుంది. పమిట లోపలా, బయటా? పమిట లోపల పెట్టి స్వెట్టరు గుండీలు పెడితే వెచ్చగా ఉంటుంది, కానీ చీర చచ్చిపోతుంది. అంచు కనపడదు, కొంగు వెనక ఎక్కడో తోకముక్క వేలాడుతుంది. స్వెట్టరు లోపల, పమిట బయట వేస్తే చీర దక్కుతుంది, భుజం దగ్గర ఉబ్బెత్తుగా ఉంటుంది, పిన్ను దిగదు. ఢిల్లీ ఆడవాళ్ళకి చలి ముఖ్యం కనక మొదటిదే చేశారు. బెజవాడలో చీర ముఖ్యం. అమ్మ అద్దం ముందు అటూ ఇటూ మార్చి మార్చి, చివరికి గుండీలు తీసేసి, పమిట మామూలుగా వేసుకుని, పైన స్వెట్టరు విప్పారబోసినట్టు తొడుక్కుని, కొంగుని కుడివైపు నుంచి ముందుకి లాగి పట్టుకుంది. చలి ఆగే పద్ధతి కాదది. ఛాతీ మీద గాలి ఎటూ కొడుతూనే ఉంటుంది. కానీ లేత గోధుమరంగు మంగళగిరి చీర మీద ఆ మెరూన్ ఎంత బాగా ఒప్పిందో. నా చిన్నతనంలో అమ్మ అద్దం ముందు అంతసేపు నిలబడటం నాకు వేరే గుర్తులేదు.

స్కూలుకి అలాగే వెళ్ళేది. మొదటిగంట అయ్యేసరికి ఎండెక్కుతుంది, చేతులు మోచేతుల మీదికి తోసుకుంటుంది, అయినా విప్పదు. కుడి జేబులో ఎప్పుడూ సుద్దముక్కలే. ఉతికినప్పుడల్లా జేబు తిరగేసి దులిపినా ఆ మూల తెల్లగానే మిగిలేది. ఆ మరుసటి ఏటికి వాళ్ళ స్టాఫ్ రూములో ఇంకో స్వెట్టరు వచ్చింది, ఒక శాలువా వచ్చింది. లెక్కల టీచరుగారు గులాబీరంగు స్కార్ఫు కట్టుకొచ్చారు. ఆవిడ అంతకుముందు ఇరవయ్యేళ్ళుగా బూడిదరంగు, నేరేడురంగు తప్ప కట్టలేదని అమ్మ చెప్పింది. ఎవరడిగినా అందరి జవాబూ ఒకటే: "ఈ ఏడు చలెక్కువగా ఉందండీ."

1977 నవంబరు 19న ఉప్పెన వచ్చింది. దివిసీమలో వేలమంది పోయారు. అవనిగడ్డ, నాగాయలంక వైపు నుంచి వచ్చిన వార్తలు పెద్దవాళ్ళు మా ముందు పూర్తిగా చెప్పేవాళ్ళు కాదు. బట్టలు పోగుచేస్తూ కుర్రాళ్ళు వీధివీధికీ వచ్చారు. ఒంటి మీద తడిబట్ట తప్ప ఏమీ మిగలని జనం, ముందు చలికాలం. మా ఇంట్లో బొంతలన్నీ ఆ సంచుల్లోకి వెళ్ళాయి. అమ్మమ్మ బీరువాలోంచి ఇంకా మడత విప్పని రెండు మంగళగిరి చీరలు తీసిచ్చింది. అమ్మ మెరూన్ స్వెట్టరు తెచ్చి గుమ్మంలో నిలబడితే, సంచి పట్టుకున్న అబ్బాయి దాన్ని చూసి, "దుప్పట్లుంటే ఇవ్వండమ్మా, స్వెట్టరు ఒక్కరికే సరిపోతుంది" అన్నాడు. సోలాపూర్ దుప్పట్లు రెండూ ఇచ్చింది. ఆ చలికాలం మేం నూలు దుప్పట్లు రెండేసి కలిపి కప్పుకున్నాం. స్వెట్టరు పెట్టెలోనే ఉండిపోయింది. ఎందుకని ఎవరూ అడగలేదు, అమ్మా చెప్పలేదు.

పిన్ని అల్లిక మొదలుపెట్టింది ఆ తర్వాతే. రైల్వే క్వార్టర్సులో ఉండే ఒక పంజాబీ ఆవిడ నేర్పింది. పది నంబరు సూదులు, నాలుగు పోగుల ఊలు. ఒక వరస సీదా, ఒక వరస ఉల్టా. చలికాలం వచ్చేసరికి తయారవ్వాలంటే వేసవిలో మొదలెట్టాలి. రోహిణీకార్తెలో, వడగాడ్పులో, ఫ్యాను కింద కూచుని ఊలు అల్లడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. చేతులు చెమట పడితే పోగు సూది మీద జరగదు. పౌడరు రాసుకుని అల్లేది. ఒడిలో స్వెట్టరు వెచ్చగా పేరుకుపోతుంటే కింద తడిగుడ్డ వేసుకునేది. చూడ్డానికొచ్చిన వాళ్ళు దిష్టి తీయించమన్నారు.

వెనక భాగం అయ్యాక ఊలు చాల్లేదు. బీసెంట్ రోడ్డుకెళ్ళి అదే కంపెనీ, అదే నంబరు అడిగి తెచ్చింది. ఇంటికొచ్చి పక్కపక్కన పెట్టి చూస్తే కొత్తది ఒక ఛాయ తక్కువ. షేడు నంబరు ఒకటే అయినా లాటు మారితే రంగు మారుతుందని, ఒక స్వెట్టరుకి కావలసిన ఊలంతా ఒకేసారి ఒకే లాటులో కొనాలని ఆ పంజాబీ ఆవిడ అప్పుడు చెప్పింది. పిన్ని విప్పలేదు. ముందు భాగంలో అడ్డంగా తెల్లచారలు వేసి, ఆ తేడా ఎవరికీ తెలియకుండా చేసింది. ఆ చారల వల్లే దానికి అంత పేరొచ్చింది. కాలేజీలో స్నేహితురాళ్ళు "ఎక్కడ కొన్నావ్?" అని అడిగితే, "ఢిల్లీ" అని చెప్పిందట.

ఆ స్వెట్టరు వేసుకునే ఒకరోజు పొద్దున్న నేరుగా వంటింట్లోకి నడిచింది. అమ్మమ్మ ధావళి కట్టుకుని పొయ్యి ముందుంది.

"ఆగక్కడ! మడి. కాఫీ అక్కడికే ఇస్తా."

"ఊలుకి మైల లేదన్నావు కదమ్మా. నీది ఊలు, నాదీ ఊలే."

"నాది ధావళి. కుట్టిన గుడ్డ మడికి పనికిరాదు, తెలీదూ?"

"ఇది కుట్టింది కాదు. అల్లింది! సూదికి రంధ్రం కూడా లేదు చూడు."

అమ్మమ్మ గరిటె పట్టుకుని ఆలోచనలో పడింది. నిజంగానే పడింది. అమ్మా నేనూ గుమ్మంలో ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. శాస్త్రంలో ఈ కేసు లేదు మరి. కాసేపయ్యాక అమ్మమ్మ మెడ సాచి పిన్నిని కిందినుంచి పైకి చూసింది.

"గుండీలు ఎవరు కుట్టారే?"

పిన్ని మారుమాట్లాడకుండా వెనక్కొచ్చేసింది. ఆ తర్వాత అల్లినవాటికి వేటికీ గుండీలు పెట్టలేదు, అన్నీ తలమీంచి తొడుక్కునేవే. అయినా వంటింట్లోకి పర్మిషన్ రాలేదు. పక్కలు కలిపి కుట్టావు కదా అంది అమ్మమ్మ ఈసారి. కాకపోతే ఆ సంక్రాంతికి అమ్మమ్మే పిన్ని దగ్గరికొచ్చి, "అలాంటిదే, చేతుల్లేకుండా, చారలూ గీరలూ లేకుండా ఒకటి అల్లిపెట్టు. మధ్యాహ్నం పడుకున్నప్పుడు వీపు చల్లబడుతోంది" అంది. రంగు ఏది కావాలంటే "ఏదైతేనేం" అని, వెళ్ళబోతూ వెనక్కి తిరిగి, "వంకాయరంగు దొరుకుతుందేమో చూడు" అంది.

చలి పేరు చెప్పి సాగని సరదా ఒకటుంది, ముఖమల్ జాకెట్టు. నల్ల ముఖమల్ మీద జరీ అంచు కుట్టించి, పట్టుచీర మీదికి వేసుకుంటే ఆ అందమే వేరు. కానీ మా ఊళ్ళో ముఖమల్ ఒంటి మీద నిలిచేది ధనుర్మాసంలోనే, ధనుర్మాసంలో పెళ్ళిళ్ళుండవు. ముహూర్తాలు ఎక్కువగా వైశాఖంలోనూ, జ్యేష్ఠంలోనూ పెడతారు. కంచిపట్టు చుట్టుకుని, మెడనిండా నగలు పెట్టుకుని, షామియానా కింద చెమటలు కారుస్తూ అక్షింతలు వేస్తాం. మన పంచాంగం రాసినవాళ్ళు మగవాళ్ళేనన్న అనుమానం నాకు ఇప్పటికీ పోలేదు. పిన్ని పెళ్ళి కూడా వేసవిలోనే. ముఖమల్ జాకెట్టు పెట్టెలో పెట్టి పంపారు. అది ఎప్పుడైనా వేసుకుందో లేదో.

పిన్ని అత్తవారిది గుంటూరు, బ్రాడీపేట. లైన్లూ అడ్డరోడ్లూ అన్నిటికీ నంబర్లే కాబట్టి ఆ ఇంటికి దారి తప్పే ప్రసక్తి లేదు. ఎనభైల్లో చలికాలం వచ్చిందంటే నన్ను వెంటేసుకుని టిబెటన్ల స్వెట్టర్ల దుకాణాలకి బయల్దేరేది. మనవాళ్ళందరూ నేపాలువాళ్ళనేవారు గానీ, వాళ్ళు టిబెట్ నుంచి వచ్చి కర్ణాటకలో స్థిరపడిన శరణార్థులు. బైలకుప్పె, ముండగోడు క్యాంపుల్లో పొలం పనులయ్యాక, లూధియానా వెళ్ళి స్వెట్టర్లు టోకున తెచ్చుకుని, చలి నెలల్లో ఊరూరా కొట్లు పెట్టుకుంటారు. రోడ్డు వార కర్రలు పాతి, పైన టార్పాలిన్ కట్టి, తాళ్ళకి వరసగా స్వెట్టర్లు. ఆడవాళ్ళే ఎక్కువ అమ్మేవారు. ఒంటి మీద చుబా అనే వాళ్ళ పొడుగు అంగీ, నడుముకి ముందువైపు రంగురంగుల అడ్డచారల గుడ్డ. పిన్నికి ఆ చారల మీదే కన్ను. అది ఎక్కడ దొరుకుతుందని బేరం మధ్యలో అడిగితే, అమ్మే ఆవిడ తెలుగులోనే చెప్పింది: "ఇది పెళ్ళైనవాళ్ళు కడతారమ్మా. అమ్మం." పిన్ని వెంటనే కాలు ముందుకి పెట్టి తన మెట్టెలు చూపించింది. ఇద్దరూ పకపకా నవ్వుకున్నారు. బేరంలో మాత్రం ఆవిడ రూపాయి తగ్గలేదు.

ఆ దుకాణాల్లో పిన్ని ఏది పట్టుకున్నా ముందు లోపలివైపు తిప్పి చూసేది. అల్లిక తెలిసిన చెయ్యి కదా. పక్కల కలిపిన చోట పోగులు వదులుగా ఉన్నాయా, మెడ దగ్గర పట్టీ సాగుతుందా, చంకల్లో గుడ్డ గుంజుతుందా అని చూసి, ఊలు రెండు వేళ్ళ మధ్య నలిపి, "దీన్లో సగం యాక్రిలిక్కే" అని చప్పరించేది. నాకు లంగావోణీ పోయి పంజాబీ డ్రెస్సులు వచ్చిన కాలం అది. చున్నీ స్వెట్టరు మీదికా, కిందికా అని నేను తికమకపడుతుంటే, "మెడ చుట్టూ ఒక చుట్టు చుట్టి రెండు కొసలూ వెనక్కి వదిలెయ్, గొంతు నొప్పి రాదు, డ్రెస్సు కనపడుతుంది" అంది. నలభయ్యేళ్ళయింది, నేనింకా అలాగే వేస్తున్నాను.

అమ్మ మెరూన్ స్వెట్టరు రిటైరయ్యేదాకా నడిచింది. మోచేతుల దగ్గర పల్చబడితే పిన్ని దాదాపు అదే రంగు ఊలుతో అల్లి పూడ్చింది. పోయిన గుండీ బదులు తాతయ్య కోటుది ఒకటి కుట్టారు, మిగతా వాటికన్నా కాస్త పెద్దది. దాన్ని ఎవరికీ కనపడకుండా అన్నిటికన్నా కింద పెట్టింది అమ్మ. గుండీలు ఎటూ పెట్టుకోదు కదా అని నేనంటే, "ఉండాలి కదే, లెక్కకి" అనేది.

ఇప్పుడు బెజవాడలో స్వెట్టరు వేసుకోవడానికి డిసెంబరు దాకా ఆగక్కర్లేదు. ఆఫీసుల్లో ఏసీ చలికి మా అమ్మాయి మే నెలలో కూడా కుర్చీ వెనక కార్డిగన్ తగిలించి ఉంచుతుంది. స్కూటీ మీద వెళ్ళే ఆడపిల్లలు ఏ కాలమైనా చున్నీ మొహానికి చుట్టి, చేతులకి తొడుగులు వేసుకుని, కళ్ళు మాత్రం కనపడేలా వెళ్తారు. చలి మీదికి నెట్టాల్సిన పని ఎవరికీ లేదు. నచ్చింది, వేసుకున్నాం అంటారు, అంతటితో అయిపోతుంది. నాకది చాలా బావుంటుంది. మా వీధిలో ముగ్గులు పెట్టిన చొక్కాల సంగతి చెబితే మా అమ్మాయి, "అడిగి వేసుకోవచ్చుగా పిన్నమ్మమ్మ?" అంది. అడిగితే ఏమయ్యేదో దానికి ఎలా చెప్పను!

పిన్నికి డెబ్భై దాటాయి. ఇంకా బ్రాడీపేటలోనే. మోకాళ్ళ నొప్పులతో కొట్లకి తిరగలేక నా చేత ఫోన్లో ఆర్డర్లు పెట్టిస్తుంది. మొన్న నవంబరులో చేతుల్లేని జాకెట్టొకటి కావాలంది, జిప్పుతో, చీర మీదికి. రెండు రంగులు తెప్పించాను, ఆకుపచ్చ, నీలం. వీడియో కాల్లో రెండూ వేసుకుని చూపించింది, పమిట లోపల ఒకసారి, బయట ఒకసారి.

"నీలంది తిరిగి పంపెయ్" అంది.

"సైజు సరిపోలేదా పిన్నీ?"

"సరిపోయింది. నాకున్న చీరల్లో ఒక్కదాని మీదికీ నప్పదు. వంకాయరంగు ఉందేమో చూడు."